యాదగిరి మామ దిల్‌పసంద్ కేసు

మొన్న ఆదివారం నేను డిటెక్టివ్ పనికి రిజైన్ చేశాను. అవునండీ, నిజమే! నవ్వకండి. రేపెలాగూ బంద్ అంటున్నారు, తెల్లారి లేచి మైదా కలిపే పని లేదు. టీ పెట్టాను, కూర్చోండి, చెప్తాను. మధ్యలో నేను ఏడిస్తే పట్టించుకోకండి. నాలుగు రోజులుగా నాకదే పని.

నాచారంలో మాది చిన్న బేకరీ. మా ఆయన ఫ్యాక్టరీ షిఫ్టులకు పోతాడు, భట్టీ దగ్గర పనంతా నాది. తెనాలి నుంచి ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళయింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షాపులో ఈగలు తోలుకోవడమే పని. అందుకని అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలు చదివేదాన్ని. చదివి చదివి నాకూ ఆ పిచ్చి పట్టింది.

ఏదో గాలివాటున రెండు కేసులు తేల్చాను కూడా! మొదటిది, గేట్ల దగ్గర పాల పాకెట్లు మాయమయ్యే కేసు. అందరూ పేపరబ్బాయిని అనుమానిస్తుంటే, పాకెట్ మీద పంటి గాట్లు చూసి పందికొక్కు అని తేల్చాను. రెండోది, మా గల్లీలో రాత్రికి రాత్రే చెత్త పారేసేవాళ్ళెవరన్న కేసు. ఆ చెత్తలో మా షాపు కేకు డబ్బా ఉంది, డబ్బాకు అంటుకున్న క్రీములో సగం పేరుంది. ఇంకేం! ఆర్డర్ల నోట్‌బుక్ తీశాను, దొరికిపోయారు. అప్పట్నుంచీ కాలనీలో నా పేరు సీఐడీ కుమారి. నేనూ తక్కువ తిన్లేదు, పిలిస్తే పలికేదాన్ని.

మూడో కేసు సత్తెమ్మత్త తెచ్చింది. మా వెనక వీధే. వాళ్ళాయన యాదగిరి మామ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. మాకు చుట్టాలేం కారు, అత్తా మామా అనడం అలవాటైపోయింది. పోయిన చలికాలం ఓ మధ్యాహ్నం ఆమె షాపులోకి వచ్చి కౌంటర్ మీద ఒక చొక్కా పరిచింది.

"కుమారీ, గీ అంగి జర సూడు. మీ మామకు షుగర్ తగ్గుతలేదు. చక్కెర డబ్బ బీరువల పెట్టి తాళమేసిన. అయినా తగ్గుతలేదు. ఎవడో తీపి పెడుతున్నడు బిడ్డా. ఎవడో నువ్వే పట్టాలె."

చొక్కా తిప్పి చూశాను. జేబు కింద డాల్డా మరక. జేబు మూలలో కొబ్బరి కోరు, ఒక టూటీఫ్రూటీ ముక్క. మూడూ కలిస్తే దిల్‌పసంద్ తప్ప ఇంకోటి కాదు. రెండు పొరల మధ్య కొబ్బరీ చక్కెరా కూరి గుండ్రంగా కాల్చి, ముక్కలుగా కోసి అమ్ముతాం కదా, అదే. కానీ ఆ టూటీఫ్రూటీ ఆకుపచ్చది. నేను ఎర్రది తప్ప వాడను! అంటే మామ ఇంకో బేకరీలో తింటున్నాడు. నిజం చెప్పొద్దూ, షుగర్ సంగతి తర్వాత, ముందు నాకు కడుపు మండింది.

మర్నాడే ఫాలో అయ్యాను. మొహానికి చున్నీ చుట్టుకుని, మా ఆయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బయల్దేరాను. మామ వాకింగ్ అని చెప్పి గొడుగు పట్టుకుని బయటికొచ్చి, తిన్నగా బస్టాప్‌కి వెళ్ళి ఉప్పల్ బస్సెక్కాడు. నేనూ ఎక్కాను. ఎక్కాక గానీ తెలియలేదు! సిటీ బస్సులో ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. నవలల్లో డిటెక్టివ్ దొంగ వెనకాల వెళ్తాడు. మన బస్సులో డిటెక్టివ్ ముందు, దొంగ వెనక! నేను నిమిషానికోసారి మెడ తిప్పి చూస్తుంటే వెనక సీట్లో ఎవరో పెద్దాయన తననే చూస్తున్నాననుకుని జుట్టు సర్దుకున్నాడు.

కండక్టర్ ఊరుకోలేదు. "ఏందమ్మా గట్ల ఎన్కకే సూస్తున్నవ్? ఎవరన్న తప్పిపోయిన్రా?"

బస్సంతా నవ్వింది. ఆ గొడవలో మామ రింగు రోడ్డు దగ్గర వెనక డోర్‌లోంచి దిగిపోయాడు. నేను లేచేలోపు బస్సు కదిలింది. కిటికీలోంచి చూస్తే గొడుగు ఊపుకుంటూ హాయిగా నడిచిపోతున్నాడు. నేను బోడుప్పల్‌లో తేలాను.

రెండో రోజు బుద్ధి తెచ్చుకుని ముందే ఆటోలో రింగు రోడ్డుకు పోయి చెరుకు రసం బండి వెనక నక్కాను. మామ దిగాడు. నాలుగడుగులు వేశాడు. ఆగాడు. తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

"కుమారీ, రసం తాగుతవా బిడ్డా?"

"నేనని ఎలా తెలిసింది మామా?"

"మోచేతికి మైదా ఉన్నది గద."

పక్కనే ఉంది ఆ ఆకుపచ్చ టూటీఫ్రూటీ బేకరీ, ఇద్దరం అక్కడే బల్ల మీద కూర్చున్నాం. ఆయన ముందు దిల్‌పసంద్ ముక్క. తప్పు చేసి దొరికిన మనిషిలా తల వంచుకున్నాడు.

"మీ అత్త నా మంచికే చేస్తది, నాకెరుకే. కని నాలికె ఇంటలేదు బిడ్డా. నీ దగ్గర తింటే పది నిమిషాల్ల ఆమెకెరుకైతది, గందుకే బస్సెక్కి వస్తున్న. నీ కాల్మొక్త, చెప్పకు."

నేను అప్పుడు ఏమనాలి? మందలించాలి. ఇంటికి తీసుకుపోవాలి. నేనేం అడిగానో తెలుసా? "మామా, ఇది మాదానికంటే బాగుందా?" అని అడిగాను.

మామ ముక్క కొరికి, నమిలి, ఆలోచించి చెప్పాడు. "నీదాంట్ల కొబ్బరి మస్తుంటది. గీళ్ళది ఉత్త చక్కెర."

అంతే, పడిపోయాను. పొగిడితే పడిపోవడం మా పుట్టింటి నుంచి వచ్చిన జబ్బు. "అయితే మా షాపుకే రండి మామా. వారానికొక్కసారి, గురువారం. పావు ముక్క. వెనక డోర్ నుంచి. మిగిలిన రోజులు మాత్రం నోరు కట్టుకోవాలి" అన్నాను. రోజూ ఇక్కడ చక్కెర తినేకంటే వారానికి పావు ముక్క నయమే కదా అని లెక్క చెప్పుకున్నాను. మామ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

సత్తెమ్మత్తకు రిపోర్టిచ్చాను. "ఎవరూ పెట్టడం లేదత్తా. మామ నిజంగా నడుస్తున్నాడు. ఆ చొక్కా మీది మరక పాతదై ఉంటుంది."

"నువ్వు సెప్తే అయినట్టే" అంది. సాయంత్రం తన దొడ్లో కాసిన చిక్కుడుకాయలు కొంగులో పోసుకుని తెచ్చి ఇచ్చింది. ఆ కూర నేను ముట్టలేదు, మా ఆయన మాత్రం రెండుసార్లు వేయించుకున్నాడు.

అలా ఏడు నెలలు. గురువారం నాలుగింటికి వెనక డోర్ మీద గొడుగు కర్రతో రెండుసార్లు తట్టేవాడు. మైదా బస్తా మీద కూర్చుని, పావు ముక్కను చిన్నపిల్లాడిలా చుట్టూ కొరుక్కుంటూ మధ్యలో కొబ్బరి చివరికి మిగుల్చుకునేవాడు. మిల్లు కబుర్లు చెప్పేవాడు. వెళ్ళేముందు మూతి తుడుచుకుని, "ఏమన్న అంటుకున్నదా సూడు" అని మొహం చూపించేవాడు. చివరి రెండు నెలల్లో పావు కాస్తా సగమైంది. ఆయన అడగలేదు. నేనే కోశాను. ఆ మాట ఇవాళ దాచి ఏం లాభం?

పోయిన శుక్రవారం పొద్దున మామ పోయాడు. బ్రష్ చేసుకుంటూ చేసుకుంటూ కూలబడ్డాడట. గుండె అన్నారు డాక్టర్లు. షుగర్ వల్లనా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన పోయే ముందురోజు గురువారం. నా దగ్గర సగం ముక్క తిని వెళ్ళాడు. చాపమీద ఆయన్ని పడుకోబెట్టి ఉంటే, ఊళ్ళోవాళ్ళందరూ మొహం చూస్తున్నారు, నేను మాత్రం పెదవులకు ఏమైనా అంటుకుందేమోనని చూశాను. ఎంత పాపిష్టిదాన్నో చూడండి.

ఇక ఆదివారం సంగతి. మా వైపు పదో రోజున పిండం పెట్టి కాకిని పిలుస్తారు. ఇక్కడ మూడో రోజే పిట్టకు పెట్టుడు. పోయినాయనకు ఇష్టమైనవన్నీ వండి, శ్మశానం దగ్గర విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకుని పోయినట్టు. మామకు మేక కూర, తలకాయ కూర, గారెలు, ఓ సీసా కల్లు, పక్కన బీడీ కట్ట పెట్టారు. చివర్లో సత్తెమ్మత్త కొంగులోంచి అర జొన్నరొట్టె తీసి ఓ మూల పెట్టింది.

మామ వాళ్ళన్న సాయిలు విసుక్కున్నాడు. "గదెందుకమ్మా? గది సూస్తెనే మొకం తిప్పేటోడు."

"షుగర్ వచ్చిన కాంచి, నాలుగేండ్ల సంది రోజు గిదే పెట్టిన. ఇయ్యాల పెట్టకుంటె పాణం ఒప్పుతలేదు" అంది.

కాకులైతే ఉన్నాయి, కరెంటు తీగ మీద అయిదో ఆరో. ఒక్కటీ దిగదు! పావుగంటయింది. అరగంటయింది. కొడుకు శ్రీను ముందుకొచ్చి, "అమ్మను నా దగ్గరనే ఉంచుకుంట నాయినా, ఫికర్ జెయ్యకు" అన్నాడు. దిగలేదు. సాయిలు ఇంకేదో మాటిచ్చాడు. దిగలేదు. ఎండ నడినెత్తికొచ్చింది.

సత్తెమ్మత్త కూలబడిపోయింది. "నా మీదనే అలిగి పోయిండు. తీపి అడిగితె తిట్టిన. పండుగ నాడు గూడ బెల్లం ముక్క ఇయ్యలేదు. నోరు కట్టేసి సంపిన ఆయనను. ఎట్ల ముడ్తడు?"

ఆ ఏడుపు వినలేకపోయాను. ఆ క్షణాన నాలో డిటెక్టివ్ లేచింది చూడండి! మామకు ఏం కావాలో భూమ్మీద నాకొక్కదానికే తెలుసు కదా! ఆటో ఎక్కి షాపుకు ఉరికాను. ముక్క కూడా కాదు, మొత్తం దిల్‌పసంద్ డబ్బాలో పెట్టుకుని వచ్చి, అందరూ చూస్తుండగా విస్తరి నడుమ పెట్టాను.

"గిదేంది?" అన్నాడు శ్రీను.

ఇంక దాచలేకపోయాను. "మామకు ఇదంటే ప్రాణం. ఏడు నెలల్నుంచి ప్రతి గురువారం నా దగ్గర తింటున్నాడు. నేనే పెట్టానత్తా. నీకు అబద్ధం చెప్పాను."

సత్తెమ్మత్త నా వైపు తిరిగింది. "బేస్తారం బేస్తారమా? గందుకేనా గా రోజు ఆకలైతలేదని పండుకునేది..." అంది మెల్లిగా.

సరే, తిట్లు తర్వాత తింటాను, ముందు కాకి రావాలి కదా! అందరం తీగ వైపు చూశాం. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. రాలేదండీ! ఒక్క కాకి కూడా తల తిప్పలేదు. గుట్టు రట్టయింది, పరువు పోయింది, కాకి మాత్రం రాలేదు. ఖాళీ డబ్బా చేత్తో పట్టుకుని నిలబడ్డాను. భూమి చీలితే దూరిపోదును.

అప్పుడు సత్తెమ్మత్త లేచింది. నన్ను కొట్టడానికే అనుకుని కళ్ళు మూసుకున్నాను. ఆమె నన్ను దాటి విస్తరి దగ్గరికి పోయి, కాకుల వైపు చూస్తూ మామను పిలిచింది.

"ఓ శ్రీను నాయినా! ఇగో, నేను అటు తిరుగుతున్న. నేను సూస్తలేను. నీ పాణం దేని మీదుంటె గది తిను. ఏమన, నీ మీద ఒట్టు."

కొంగు నెత్తి మీదికి లాక్కుని వీపు తిప్పి నిలబడింది. ఎవరూ చెప్పకుండానే అందరూ అటు తిరిగారు. నేను మాత్రం ఓరకంట చూశాను. అలవాటు!

రెక్కల చప్పుడయింది.

"వచ్చిందా?" అంది అత్త, వెనక్కి తిరక్కుండానే.

"వచ్చిందత్తా."

"ఏం ముట్టింది? నీ మిఠాయేనా?"

కాకి దిల్‌పసంద్ మీదుగా గెంతింది. మేక కూర వైపు చూడనైనా చూడలేదు. మూలనున్న జొన్నరొట్టెను ముక్కున కరుచుకుంది.

"రొట్టె అత్తా. నీ జొన్నరొట్టె."

ఆమె కొంగు ఇంకా ముందుకు లాక్కుంది. "ఉత్తదే! నా మనసు కోసం సెప్తున్నవ్. మునుపు గూడ గిట్లనే అబద్ధం సెప్పినవ్ గదనే!"

నిజం చెప్తే నమ్మే మనిషి లేదు నాకు! నేను సంపాదించుకున్న పేరు అది. "నా పిల్లల మీద ఒట్టత్తా, ఒక్కసారి తిరిగి చూడు" అన్నాను. చెయ్యి పట్టుకుని నేనే తిప్పాను.

కాకి తీగ మీద కూర్చుని ఉంది. ముక్కులో రొట్టె ముక్క. తింటోంది.

సత్తెమ్మత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నూనె సుక్క లేదు దాంట్ల... ఉప్పు సుత లేదు..." అంటూ నా భుజం మీద పడి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే నా వీపు మీద రెండు గట్టిగా చరిచింది. ఆ దెబ్బలు దేనికో అడగలేదు, నాకు తెలుసు. డిటెక్టివ్ పనికి అక్కడికక్కడే రిజైన్ చేశాను.

విస్తరి మధ్యలో నా దిల్‌పసంద్ చెక్కు చెదరకుండా అలాగే ఉంది. బేకరీ పెట్టి పన్నెండేళ్ళయింది. నా సరుకు ముట్టకుండా వెళ్ళిపోయిన గిరాకీకి దండం పెట్టడం మాత్రం అదే మొదటిసారి.