చూడకముందే గెలిచిన ఆట

దయ్యమనీ గాలనీ ఎవరన్నా అంటే నవ్వేసేదాన్ని. మొగుడు పోయాక పదేళ్ళు ఒంటిగా బతికినదాన్ని, ప్రార్థన చేసుకుని పడుకునేదాన్ని, నాకు భయమేంటి? నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. ఒక్క మాట కూడా కలపొద్దని దానికి చెప్పాను.

మాది గోదావరి పక్క. ఒమన్‌లో అల్ సువైక్ దగ్గర ఒక ఇంట్లో పని చేస్తాను. చుట్టూ ఖర్జూరం తోట. ఇంటి పెద్దాయనను బాబా అంటాను, ఆయన నన్ను మరియం అంటాడు. కొడుకు పేరు సాలెం. మా మధ్య మాటలన్నీ వచ్చీరాని అరబ్బీ, హిందీ.

బాబాకి ఫుట్‌బాల్ పిచ్చి. పెద్ద జట్లు కాదు, ఆ పక్క ఊరి చిన్న జట్టు. అలాంటి కింది తరగతి ఆటలు టీవీలో పూర్తిగా రావు. సాయంత్రం నమాజు అయ్యాక ముఖ్యమైన ముక్కలు మాత్రం వేస్తారు. అంతదాకా ఆయనకి ఫలితం చెప్పకూడదు. ఫోన్లన్నీ ఖర్జూరాల బుట్టలో వేసేయాలి. నేనేమో కాఫీ కూజా ఎడమచేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడాలి. ఒకసారి అలా నిలబడినప్పుడు గెలిచారట. అప్పట్నుంచి నాకీ శిక్ష.

"ఆట ఎప్పుడో అయిపోయింది కదా బాబా, ఇప్పుడు నేను కూర్చుంటే బంతి ఎటు పోతుంది?" అనేదాన్ని.

"నేను చూశానా? నేను చూసేదాకా అయిపోనట్టే. నిలబడు," అనేవాడు.

పోయిన ఏడు బాబా గుండెకి ఆపరేషన్ చెయ్యాలన్నారు. ససేమిరా అన్నాడు. సాలెం కాళ్ళావేళ్ళా పడితే చివరికి, "శనివారం గెలిస్తే మనవాళ్ళు పై తరగతికి పోతారు. గెలిస్తే ఆస్పత్రికి వస్తా. ఓడితే ఈ మంచం మీదే పోతా," అన్నాడు.

శనివారం సాలెం ఆటకి వెళ్ళాడు. నేను రొట్టెలు కాలుస్తుంటే ఫోన్ మోగింది. అక్షరాలు రావు గానీ సాలెం బొమ్మ గుర్తుపడతాను. గొంతూ అతనిదే. గెలిచామన్నాడు, బాబాకి చెప్పొద్దన్నాడు. వెనక జనం అరుపులు. పొయ్యి ముందే మోకాళ్ళ మీద పడి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఫోన్ తెచ్చి బుట్టలో వేశాను.

టీవీ మొదలైంది. గుమ్మంలో నిలబడ్డాను. మోకాళ్ళు లాగేస్తున్నాయి. గెలిచేశారుగా అనుకుని కూజా కింద పెట్టి గడప మీద కూర్చున్నాను.

అప్పుడే మనవాడు కొట్టిన బంతి గోలు స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. వెంటనే అవతలివాళ్ళు గోలు కొట్టారు. ఆట ముగిసింది. ఓడిపోయారు.

బాబా టీవీ కట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సాలెం ఏడుపు మొహంతో వచ్చాడు. గెలిచారని నాకెందుకు చెప్పావని అడిగాను.

"నేనెక్కడ ఫోన్ చేశాను మరియం? మధ్యాహ్నం నుంచి ఛార్జింగే లేదు," అని జేబులోంచి తీసి చూపించాడు. నల్లగా ఉంది. బుట్టలోంచి నా ఫోన్ తీసి ఇచ్చాను. వచ్చిన ఫోన్లలో అన్నిటికన్నా పైన అతని బొమ్మే ఉంది. అది చూసి, ఫోన్ నా చేతిలో పెట్టేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

బాబా లేచి కూర్చున్నాడు. "ఏమన్నాడు? విన్నది విన్నట్టు చెప్పు."

విన్నది విన్నట్టే చెప్పాను. "గెలిచాం మరియమ్మా. ముసలాయనకి చెప్పకు. ఆస్పత్రికి మాత్రం పంపించు."

"ఇదేం భాష?" అన్నాడు బాబా.

అది తెలుగు. సాలెంకి తెలుగు ముక్క రాదు. వింటున్నప్పుడు నాకా సంగతే తట్టలేదు.

అర్థం చెప్పమన్నాడు, చెప్పాను. మంచం మీంచి కాళ్ళు కిందికి పెట్టాడు. తర్వాత, "నా బట్టలు సర్దు," అన్నాడు.

ఆపరేషన్ అయింది. బాబా ఇప్పుడు తోటలో నడుస్తున్నాడు. మీ ఆయనే మాట్లాడి ఉంటాడని ఇక్కడి మన ఆడవాళ్ళు అంటారు. మా ఆయన గొంతు నాకు తెలియదా? అది సాలెం గొంతే. ఆ శనివారం ఎవరు గెలిచారో, ఎక్కడ గెలిచారో నాకిప్పటికీ అంతు పట్టలేదు. ఇప్పుడు మాత్రం మోకాళ్ళు విరిగిపోతున్నా ఆ గడప మీద కూర్చోను.