గులాబీ పువ్వులు వేగినంతసేపు

మొన్న మా కోడలు ఫోన్లో ఏదో వీడియో చూపించింది. స్పెయిన్ దేశంలో పండక్కి ఇళ్లల్లో వండుకునే పిండివంటట. ఇనుప గుత్తిని నూనెలో కాల్చడం, పిండిలో ముంచడం, మళ్లీ నూనెలో పెట్టడం. అచ్చం మన గులాబీ పువ్వులే. "మనమూ చేద్దామా అత్తయ్యా?" అంది. ఆ నూనె బుడగలు చూడగానే మొహం తిప్పుకున్నాను. బజార్లో దొరుకుతాయి కదమ్మా అని తప్పించుకున్నాను.

నాకు పెళ్లయిన ఏడాది, తొంభైల్లో, పటమటలో మా అత్తగారింట్లో మొదటి దీపావళి. గట్టు మీద గ్యాసు పొయ్యి ఉన్నా, పిండివంటలకు మాత్రం ఆవిడ కిరసనాయిలు స్టవ్ నేల మీద పెట్టుకుని పీట వేసుకునేవారు. మూకుడు ఎక్కితే దింపేదాకా వంటింట్లో ఎవరూ నోరు విప్పకూడదు. మాట్లాడితే పువ్వు గుత్తిని వదలదని, నూనె తాగేస్తుందని ఆవిడ నమ్మకం. అంతకుముందు శ్రావణంలో బూరెలు వేస్తుంటే "నూనె బాగా పీలుస్తున్నాయండీ" అని నోరు జారాను. ఆ వాయి మొత్తం చీదేసింది. వారం రోజులు ఆ సంగతి వీధంతా విన్నారు.

ఆ రోజు ఆవిడ నైలెక్స్ చీర కొంగు నడుములోంచి జారి స్టవ్ పక్కకు చేరింది. నేను చూశాను. అరిస్తే ఉలిక్కిపడి మూకుడు ఒంటి మీదికి దొర్లించుకుంటారేమోనని ఒక భయం. నిజం చెప్పొద్దూ, అంతకంటే పెద్ద భయం ఆవిడ తిడతారని. ఆవిడే సర్దుకుంటారులే అనుకుంటూ బిగుసుకుపోయి కూర్చున్నాను. గుత్తి ముంచారు, పువ్వు వదిలింది. మళ్లీ ముంచారు. రెండో పువ్వు ఎర్రబడుతుండగా కొంగు భగ్గుమంది. "అత్తయ్యగారూ, కొంగు" అనడమూ, పక్కనున్న పిండిగిన్నె ఎత్తి ఆవిడ మీద కుమ్మరించడమూ ఒకేసారి జరిగాయి.

మంట ఆరింది. మోచేతి మీద రూపాయి బిళ్లంత బొబ్బ తప్ప ఆవిడకేం కాలేదు. ఒళ్లంతా తియ్యటి పిండి కారుతున్నా గుత్తి మాత్రం వదల్లేదు. నన్ను చూసి, "చూడగానే పోసేశావుటే తల్లీ?" అన్నారు.

"అవునండీ" అన్నాను.

ఆనాటి నుంచి, ఉయ్యూరు నుంచి ఏ చుట్టాలొచ్చినా "నా ప్రాణం నిలబెట్టిన పిల్లండీ" అని నన్ను ముందుకు లాగేవారు. నేను తల వంచుకునేదాన్ని. అణకువ అనుకునేవారు. ఆవిడ పోయేదాకా పధ్నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. రెండు పువ్వులు వేగినంతసేపు చూస్తూ ఊరుకున్నానని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. అన్నేళ్లలో ఆ నిమిషం నాకు దొరకలేదు.