మందు పనిచేసేదాకా

మా నర్సమ్మ పోయిన బుధవారం పొద్దున కన్నుమూసింది. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. ఎదురింటావిడ వచ్చి ఆ మాట చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆ భయం కూడా మా ఆయన గురించి. ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఉన్నది దాచిపెడితే ఆమెకు అసలు నచ్చేది కాదు.

ఆమెది యానాం. ఉద్యోగం మీద పుదుచ్చేరి వచ్చి, ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి రిటైరై, ఇందిరా నగర్లో మా పక్కింట్లో ఉండేది. వీధంతా ఆమెను నర్సమ్మ అనే పిలిచేవాళ్లం. మాదేమో తాతల నాడెప్పుడో ఈ పక్కనే ఉన్న విల్లియనూరులో కుదురుకున్న కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, చదవడం మాత్రం రాదు. మేం యాడ, ఏంది అంటుంటే ఆమెకు నవ్వాగేది కాదు. "మీది తెలుగా, అరవమా అమ్మాయ్?" అని ఏడిపించేది. ఈ అక్షరాలు నాకు నేర్పింది ఆవిడే. అదీ నా బతుకులో అన్నిటికన్నా చెడ్డ రోజుల్లో.

ఆరేళ్ల కిందట మా ఆయనకు మనసు బాగా కుంగిపోయింది. ఆఫీసు మానేశాడు, గడ్డం గీసుకోవడం మానేశాడు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు "నేను లేకుంటే మీరంతా నిమ్మళంగా ఉంటారు" అన్నాడు. నేను విననట్టు బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. కదిపితే లేని ఆలోచన నేనే పుట్టించినట్టవుతుందని భయం. పెరటి గోడ అవతల బట్టలు ఆరేస్తున్న నర్సమ్మ మాత్రం విన్నది. మర్నాడే మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరు మాత్రలు రాసిచ్చి, గుణం కనపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుందన్నాడు. నాకు ఒళ్లు మండింది. "జొరానికి సూదేస్తే సాయంత్రానికి దిగిపోతాది. దీనికి లేదా నర్సమ్మా, ఈ దినమే పనిచేసే సూది?"

"లేదమ్మాయ్. మందు పనిచేసేదాకా మనమే పనిచెయ్యాలి" అంది.

ఆ పని కాపలా. మా అత్తగారి బీపీ మాత్రలతో సహా ఇంట్లో మందులన్నీ నర్సమ్మ బీరువాలోకి చేరాయి. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకు ఒక్క మాత్ర అరచేతిలో పెట్టుకుని వచ్చేది. ఆయన మింగాక నోరు తెరిచి చూపించమనేది. ఆ తర్వాత వరండాలో కూర్చునేది. ఊరికే కూర్చుంటే ఆయనకు జైల్లో ఉన్నట్టుంటుందని ఒక పలక తెచ్చి నాచేత అఆలు దిద్దించింది. నా వేళ్లు పలక మీదున్నా చెవులు మాత్రం లోపలి మంచం మీదే ఉండేవి. కిర్రుమంటే ఎందుకు కిర్రుమందని భయం, అనకపోతే ఎందుకు అనలేదని భయం.

పదకొండో రోజు ఆయన తనంతట తానే లేచి గడ్డం గీసుకున్నాడు. ఇడ్లీ అడిగి తిన్నాడు. మా ఇళ్లల్లో ఒక ఆనవాయితీ ఉంది. అమ్మవారు పోసి తగ్గిన మనిషికి వేపాకు, పసుపు కలిపిన నీళ్లు తలకు పోస్తే జబ్బు తీరినట్టే. ఇక ఆ మనిషిని రోగిలా చూడకూడదు, ఇంట్లో మందు పేరెత్తకూడదు. మా అత్తగారు సంబరపడిపోయి కొడుక్కి ఆ నీళ్లు పోసింది. వేపాకు కోసుకొచ్చింది నేనే.

"తలకు నీళ్లు పోసేసినాం, ఇంకేంది? కిరుమాంబాక్కం పోయి మన చేను చూసుకొస్తానంటా ఉండాడు, పోనీ. సుమ్మా, ఊరికే ఇంట్లో పడుంటే యాడ బాగవతాడు?" అందామె. స్కూటరు తాళం నా చేత్తోనే ఇచ్చాను.

మధ్యాహ్నం నర్సమ్మ మాత్రతో వచ్చింది. సంగతి చెప్పాను. ఎన్నో ఆపరేషన్లు చూసిన మనిషి, ఆమె మొహం పాలిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఎంతసేపైంది?"

"గంటుంటాది."

"ఒంట్లోకి ఓపిక ముందొస్తుందమ్మాయ్, మనసు తర్వాత తేరుకుంటుంది. ఈ రెంటికీ మధ్యనుండే రోజులకే భయపడాలి. నీకు ముందే చెప్పకపోవడం నాదే తప్పు" అంటూ చెప్పులు వేసుకుంది.

ఆటోలో బయల్దేరాం. కడలూరు రోడ్డు అంత పొడుగని నాకు ఆ రోజే తెలిసింది. ఎక్కడ నలుగురు గుమిగూడి కనపడినా కళ్లు మూసుకునేదాన్ని. "మూసుకోకు. స్కూటరు నువ్వే గుర్తుపట్టాలి" అని మోచేత్తో పొడిచేది.

ఆయన చేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నర్సమ్మ ఆయాసపడుతూ వెళ్లి పక్కన బురదలోనే చతికిలబడి, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అడిగింది. "చచ్చిపోవాలనిపిస్తోందా బాబూ?"

నాకు ఆమె నోరు మూసేయాలనిపించింది. ఆయన మట్టి వైపే చూస్తూ, "అవును నర్సమ్మా" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు, అన్ని నెలల్లో మొదటిసారి.

"చెప్పావు కదా, మంచి పని చేశావు. పద, ముగ్గురం కలిసెళ్దాం."

స్కూటరు అక్కడే వదిలేసి బస్సెక్కాం. ఆడవాళ్ల సీట్లో ఆయన్ని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టింది. కండక్టరు గొణిగితే ఒక్క చూపు చూసింది, అతను ముందుకెళ్లిపోయాడు. నేరుగా ఆసుపత్రికి పోయాం. కొన్నాళ్లు అక్కడే ఉంచారు. మందు పనిచేసింది, నెమ్మదిగా.

ఆ తర్వాత కూడా నెలకోసారి వచ్చి కాఫీ తాగుతూ ఆయన్ని అదే ప్రశ్న అడిగేది. "లేదు నర్సమ్మా" అని ఆయన నవ్వేవాడు. ఆ ప్రశ్న వస్తుందని తెలిసి నేను ముందే వంటింట్లోకి జారుకునేదాన్ని.

కిందటేడు ఎవరో కుర్ర డాక్టరు ఆమెకు ఒక సంగతి చెప్పాడట. థియేటర్లో మత్తుకిచ్చే కెటమిన్‌ను విదేశాల్లో ఇలాంటి వాళ్లకిచ్చి చూస్తున్నారని, కొందరికి గంటల్లోనే ఆ ఆలోచనలు సద్దుమణుగుతున్నాయని. పెరటి గోడ దగ్గర నిలబడి నాకు చెబుతూ ఏడ్చింది.

"ఎన్నేళ్లు నా చేతుల మీదుగా పోయిందో ఆ మందు. నువ్వడిగిన సూది అదేనేమో అమ్మాయ్." కళ్లు తుడుచుకుని మళ్లీ తనే అంది. "ఇంకా పరీక్షల్లోనే ఉందట. పనిచేసినా కొద్ది రోజులేనట. తర్వాత మళ్లీ పక్కన మనిషి ఉండాల్సిందే."

బుధవారం సాయంత్రం ఆమెను సాగనంపి వచ్చి స్నానాలు చేశాం. ఆయన వరండాలో కూర్చున్నాడు. కాఫీ పెట్టిన చోటే ఉంది, తొరక కట్టింది. ఇంక ఆయన్ని అడిగే మనిషి లేదు. నేనే అడగాలి. ఆరేళ్లలో ఒక్కసారీ నా నోట రాని మాట. అయినా వెళ్లి పక్కన కూర్చుని అడిగాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నాలుగు దినాలుగా అనిపిస్తా ఉంది. నర్సమ్మకు చెప్పాలనుకుంటా ఉన్నా" అన్నాడు.

ఈసారి వంటింట్లోకి జారుకోలేదు. "నాకు చెప్పినారు కదా, మంచిది. ఇప్పుడే డాక్టరు కాడికి పోదాం" అన్నాను.

ఆయన లోపలికెళ్లి ఆసుపత్రి ఫైలు తెచ్చుకున్నాడు. చెప్పులు వేసుకుని, ఆ ఫైలు గుండెకు ఆనించి పట్టుకుని, గేటు దగ్గర నాకోసం నిలబడ్డాడు.