వదిన అడగని ప్రశ్న

మొన్న మధ్యాహ్నం నేను తిరుత్తణి బళ్లో పాఠం చెబుతుండగా, మా అన్న పక్కింటాయన ఆర్.కె.పేట నుంచి బస్సులో వచ్చాడు. "మీ వదిన పోయిందమ్మా. నీళ్లు తోడతా తోడతా పడిపోయింది" అన్నాడు.

"ఏ వదిన?" అని అడిగాను. నాకున్నది ఒక్క వదినే. ఆదివారం మా ఇంటికి వచ్చి, కరివేపాకు ఇచ్చి, నవ్వుతూ ఆర్.కె.పేట బస్సెక్కిన మనిషి. నిన్న ఆమెను మట్టి చేసి వచ్చాం. ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు.

ఆమె కోడలుగా వచ్చేనాటికి నాకు పదహారేళ్లు. బళ్లో ఎవరో లావుగా ఉన్నానని అరవంలో 'గుండు' అని వెక్కిరించారు. అక్కడే మొదలైందో, ఇంకెక్కడో తెలియదు, తిండి మానేశాను. తిన్నానని అబద్ధాలు చెప్పేదాన్ని. అమ్మ తిట్టింది. నాన్న గాలి సోకిందని తాయెత్తు కట్టించాడు.

ఒకరోజు వదిన నాకు తలంటుతూ వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలే తగిలాయి. నూనె గిన్నె జారిపోయింది. నన్ను తన వైపు తిప్పుకుంది.

"అయ్యో పాపా, ఇంత బాద ఒక్కదానివే ఎట్ల మోస్తివే?"

అమ్మ మొండితనమని, నాన్న గాలి అని అన్నదాన్ని బాధ అన్నది ఆమె ఒక్కతే.

ఆ సాయంత్రం అన్నం వద్దన్నానని అమ్మ చెయ్యెత్తితే వదిన అడ్డం వచ్చింది. "కొట్టొద్దత్తా. ఇది పిడివాదం కాదు. పాపకు బువ్వ చూస్తే బయం."

"బువ్వ చూస్తే బయమేందే?"

"నాకూ తెలీదత్తా. డాక్టర్ని అడుగుదాం."

తిరువళ్లూరులో డాక్టరు, ఇది జబ్బేనని, గుండెకే ముప్పని చెప్పి ఆస్పత్రిలో చేర్చుకున్నాడు. నా దగ్గర వదినే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక కూడా "తిన్నావా?" అని ఆమె ఎన్నడూ అడగలేదు. తన కంచం నా కంచం పక్కన పెట్టుకుని, పుట్టిల్లు వెంగల్‌లో నాట్ల కబుర్లు చెబుతూ తినేది. నేను కంచం తోసేసి అరిచిన రోజులున్నాయి. "ఈ పొద్దు కాకుంటే రేపు. నేను యాడికీ పోను" అనేది.

చాలా నెలలు పట్టింది. మధ్యలో మళ్లీ ఆస్పత్రికీ వెళ్లాం. ఒక మధ్యాహ్నం రోటి పచ్చడి నంజుకుని సంగటి తింటూ, "వదినా, ఊరిబిండి ఇంకొంచెం" అన్నాను.

ఆమె ఎవరినీ పిలవలేదు, నన్ను మెచ్చుకోలేదు. ముద్ద పక్కన ఊరిబిండి వేసి, పొయ్యి వైపు తిరిగి, గొట్టంతో ఊదుతూ కూర్చుంది. పొయ్యిలో నిప్పు ఎప్పుడో ఆరిపోయింది. ఆమె భుజాలు మాత్రం అదురుతున్నాయి.