మసక ఎట్ల చస్తది?

నేనొక సైన్స్ ఫిక్షన్ నవల రాస్తున్న. అందులో 'మసక' అనే కోరల దుష్టశక్తి ఉంటది. ఒక గ్రహంలో చంపితే ఇంకో గ్రహంలో, ఇంకో ఒంటితో లేస్తది. ఆఖరి అధ్యాయంలో దాన్ని ఎట్ల ఖతం చెయ్యాలని ఈ రోజు పొద్దంతా మా దోస్తు సైదులు బుర్ర తిన్న. వాడేమో నన్ను బండి మీద ఎక్కించుకొని సూర్యాపేటలో కిరాయి ఇల్లు వెతుకుతున్నడు. వాని భార్యకు తొమ్మిదో నెల. నొప్పులొస్తే వాళ్ల ఊరు మోతె నుంచి ఇక్కడి దవాఖానకు పరుగెత్తడం కష్టం.

నాలుగో ఇంటి ఓనరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చల్లటి నీళ్లిచ్చింది. కడుపుతో ఉన్న పిల్లను మెట్లు ఎక్కనియ్యకు అని జాగ్రత్త చెప్పింది. గది చూపించి, తాళంచెవి ఇయ్యబోతూ "ఇంతకూ మీరేమిట్లు బిడ్డా?" అన్నది. సైదులు తన కులం దాచకుండా చెప్పిండు.

"అయ్యో, మా తమ్ముని కొడుకు దిగుతనన్నడు. మర్చేపోయిన" అన్నది.

నాకు నెత్తురు మరిగింది. కులం మీద కరపత్రాల్లో చదివిన మాటలన్నీ గేటు దగ్గర నిలబడి అరిచిన. పక్కిళ్లోళ్లు బయటికొచ్చి చూసిన్రు. సైదులు నా చెయ్యి గుంజిండు.

"ఊకోరా. ఇగ ఈ గల్లీల ఎవలూ ఇయ్యరు."

"ఊకుంటే ఇస్తరా?"

"ఇయ్యరు. గని నీ మసకకు ఆ కోరలు తీసెయ్. మంచిగ మాట్లాడే అవ్వ లెక్క ఉండాలె."

ఇంటికొచ్చి ఆఖరి అధ్యాయం ముందేసుకున్న. దాన్ని చంపే ఉపాయం ఒక్కటీ తోచలేదు. కులం అడగకుండా ఇల్లిచ్చేటోళ్లు సూర్యాపేటలో ఎవరైనా ఉంటే కింద రాయండి. డాక్టరమ్మ చెప్పిన తారీకుకు నెల గూడ లేదు.