మా లేతు మిషను నగలు

నిన్న మధ్యాహ్నం అటక మీది టేకుపెట్టె దించి మూత తీసేసరికి, గడ్డకట్టిన గ్రీజూ పాత ఇనుమూ కిరసనాయిలూ కలిసిన వాసన గుప్పుమని ముక్కుకు కొట్టి, తిరుపతిలో నేనుంటున్న ఈ మూడో అంతస్తు నుంచి చిత్తూరులోని మా షాపు గడప దగ్గరికి నన్ను లాక్కుపోయింది. పెట్టెలో అరలున్నాయి, ఒక్కో అరలో పాతగుడ్డలో చుట్టిన ఒక్కో వస్తువు: మూడు దవడల చక్కు, నాలుగు దవడల చక్కు, ఇనుప పళ్ళెంలాంటి ఫేస్‌ప్లేటు, పొడవాటి కడ్డీ ఊగిపోకుండా ఆనుకునేందుకు పెట్టే స్టెడీ, సన్నటి ముక్కల్ని పట్టుకునే వేలెడేసి కాలెట్లు. ఇవన్నీ మా నాయన లేతు మిషనుకు, అంటే ఇనుమును తిప్పుతూ చెక్కే మిషనుకు, తగిలించే సామాన్లు. మిషను పాత ఇనుము కింద పోయి చాలా ఏళ్ళయింది. ఇవి మాత్రం నేను ఇవ్వనన్నాను.

మిగతా షాపుల్లో నేలంతా ఆక్రమించి కూర్చునే పెద్ద లేతులుండేవి. మాది బల్ల మీద పట్టే చిన్నది, మద్రాసులో ఎవరో పాత వర్క్‌షాపు మూసేస్తుంటే నాయన రైల్లో వేయించుకుని తెచ్చుకున్నది. చిన్నదని తీసిపారేయడానికి లేదు, సన్నపు పని ఏది వచ్చినా ఊరంతా మా సందు వైపే చెయ్యి చూపించేవాళ్ళు. కుట్టుమిషన్ల ఇరుసులు, గోడ గడియారాల లోపలి కడ్డీలు, నగరి నుంచి మరమగ్గాలవాళ్ళు గుడ్డసంచుల్లో తెచ్చే ఇరుసులకు తొడిగే అరిగిపోయిన బుష్షులు, అన్నీ మా బల్ల మీదికే. ఎండాకాలం రేకుల కప్పు కింద పెనం మీద కూర్చున్నట్టుండేది, బయట మామిడికాయల బండ్లు పోతుంటే ఆ జీడి వాసన లోపలి నూనె వాసనతో కలిసేది. చలికాలం వస్తే ఊరి చుట్టూ బెల్లం వండే పొయ్యిల కమ్మటి పొగ సందులోకి దిగేది. బడి వదలగానే పుస్తకాల సంచి ఇంట్లో విసిరేసి నేను షాపులో వాలిపోయేదాన్ని. ఒక్కతే కూతుర్ని, అడిగేవాళ్ళు లేరు. జడల్లో ఇత్తడి పొట్టు ఇరుక్కుంటే అమ్మ దువ్వెనతో లాగుతూ తిట్టేది, నేను కుయ్యోమొర్రోమనేదాన్ని, మర్నాడు మళ్ళీ అక్కడే.

చక్కు అంటే, పని చేయవలసిన ముక్కను దవడలతో కరిచి పట్టుకుని గిర్రున తిరిగే ఇనుప గుండు. దాని పక్కల చదరపు బెజ్జాలుంటాయి. టీ అక్షరంలా ఉండే చక్ కీ ఆ బెజ్జంలో దూర్చి తిప్పితే దవడలు బిగుస్తాయి. ఆ కీ విషయంలో మాత్రం నాయన మహా కఠినం. అది చక్కులో ఉండగా ఎవరైనా స్విచ్చి వేశారా, ఇక అంతే, ఎటు ఎగురుతుందో, ఎవరికి తగులుతుందో తెలియదు. అందుకని రోజుకొకసారైనా ఆ మాట అనేవాడు.

"కీ చేతిలో ఉండాల, లేదంటే మేకుకు ఉండాల. మూడో తావు లేదు."

ఈ మాట అందరికంటే బాగా వంటబట్టించుకున్నవాడు మా మునిరత్నం మామ. అమ్మకు తమ్ముడు. సత్యవేడు దగ్గర పల్లె నుంచి పని నేర్చుకోవడానికి వచ్చి, మా ఇంట్లోనే తిని, షాపులోనే పడుకుని, ఎనిమిదేళ్ళలో నాయనను మించిన పనివాడయ్యాడు. నాలుగు దవడల చక్కులో ఒక్కో దవడనూ విడిగా బిగించుకోవాలి, ముక్క నడిమధ్యలో కుదరడానికి మంచి మంచి మేస్త్రీలకే చెమటలు పట్టేవి. మామ మాత్రం తిరుగుతున్న ముక్కకు సుద్ద ఆనించి, గీత ఎక్కడ పడిందో చూసి, ఇటొక బిగింపు అటొక వదులు, అంతే. నాయన వెంట్రుకవాసి తేడా కూడా చూపే గేజి పెట్టి చూస్తే ముల్లు కదిలేది కాదు. "నా తర్వాత ఈ మిషను మునిరత్నానిదే" అని నాయన సందులో అందరికీ చెప్పుకునేవాడు, ఆ మాట విన్నప్పుడు మామ సిగ్గుపడి లేని పనేదో కల్పించుకునేవాడు. పెట్టె సామాన్లను మిషను నగలని పేరు పెట్టింది కూడా ఆయనే. నాకు ఇత్తడితో ఒక బొంగరం చేసిచ్చాడు. ఆడపిల్లకు బొంగరమేమిటని వీధిలో మగపిల్లలు ఎగతాళి చేశారు, ఒక్క పందెంలో వాళ్ళ చెక్క బొంగరాలు మూడు చీల్చాక నోళ్ళు మూసుకున్నారు.

ఏడాదంతా ఎదురుచూసేది ఆయుధపూజకు. ముందురోజు సామాన్లన్నీ కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, పలక మీద వరసగా పేర్చేవాళ్ళు. మామ మూడు దవడల చక్కును మిషనుకు ఎక్కించి, కీ మేకుకు తగిలించేవాడు. పూజనాడు పొద్దున్నే సందులో షాపులన్నిటికీ మామిడాకులు, గుమ్మాల ముందు పగలగొట్టిన గుమ్మడికాయలు, వాటి నిండా కుంకుమ. అమ్మ వండిన సెనగ గుగ్గిళ్ళూ, బొరుగులూ పుట్నాలూ బెల్లమూ కలిపిన ప్రసాదం ఒక షాపు నుంచి ఇంకో షాపుకు తిరుగుతూనే ఉండేది. ఆ రోజు పనిముట్టు ముట్టుకోకూడదు. మర్నాడు విజయదశమి పొద్దున మంచి ఘడియ చూసి, చక్కు మీది దండ తీయకుండానే ఒక్క క్షణం మిషను తిప్పి, పూలు రాలాక కొత్త పని మొదలుపెట్టడం మా షాపు ఆనవాయితీ.

ప్రతి సామానుకూ గంధమూ కుంకుమా పెట్టే పని నాది. నాకు తొమ్మిదేళ్ళు, ఆ పని ఇంకొకరు చేస్తే ఊరుకునేదాన్ని కాదు. ఆ ఏడు అన్నిటికీ బొట్లు పెట్టి, మేకుకున్న కీకి కూడా పెట్టి, చివర చక్కుకు చామంతి దండ వేశాను. నున్నటి గుండు కదా, దండ జారిపోయింది. మళ్ళీ వేశాను, మళ్ళీ జారింది. నాయనా మామా పక్కషాపు పూజకు పోయారు, అమ్మ లోపల టెంకాయలు సర్దుతోంది. నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. కీ తీసి చక్కు బెజ్జంలో దూర్చాను. దాని పిడికి దండ తగిలిస్తే ఎంత బాగా నిలిచిందో! పూలు విడదీసి కీ కనబడకుండా సర్దాను కూడా. ఇనుము కనబడితే అందం చెడుతుందని.

మర్నాడు పొద్దున ఇరుగుపొరుగు షాపులవాళ్ళు మా గుమ్మంలో నిలబడి బొరుగులు తింటున్నారు. మామ దండ సవరించబోతే నాయన "ఉండనీప్పా, టైమైపోతాండాది" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. నాయన దండం పెట్టుకుని స్విచ్చి వేశాడు. ఠంగుమని శబ్దం, గాలిలో పూలు, ఆ పూల మధ్య నాయన రెండు చేతులతో మొహం పట్టుకుని కూలబడిపోవడం. వేళ్ళ సందుల్లోంచి రక్తం.

కీ గోడకు కొట్టుకుని మామ కాళ్ళ దగ్గర పడింది. మామ వంగి తీసుకున్నాడు. దాని పిడి మీద నేను పెట్టిన గంధం, నడుమ నా వేలిముద్రంత కుంకుమ చెక్కు చెదరలేదు. మామ తలెత్తి నా వైపు చూశాడు. నేనూ చూశాను. కోపం లేదు ఆ చూపులో, అదే నన్ను ఈనాటికీ కాల్చేది. కీని పంచె కొంగుతో గట్టిగా తుడిచేసి, అందరూ వినేలా అన్నాడు.

"నేనే బావా. నేనే మర్చిపోయినాను."

వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎడమ కన్ను దక్కలేదు. ఇంటికొచ్చిన నాయన కేకలు వేయలేదు, తిట్టలేదు. మామ వచ్చి గడప దగ్గర నిలబడితే, మొహం గోడ వైపు తిప్పుకుని, "ఆ కీ మేకుకు తగిలించి పో" అన్నాడు. అంతే. మామ తగిలించాడు, గుడ్డసంచి తీసుకున్నాడు, పోయాడు. చెప్పేయాలనుకున్నాను, కానీ నాయన కట్టు చూసి భయపడ్డాను. పిరికిదాన్ని. ఇంకో మాట ఎందుకు?

చక్కులో కీ మరిచినవాడన్న పేరు మామ కంటే ముందే అన్ని షాపులకూ చేరిపోయింది, చిత్తూరులో గానీ తిరుపతిలో గానీ ఎవరూ పనికి పెట్టుకోలేదు. సత్యవేడుకు పోయి వేరుశనగ చేనులో దిగాడు. ఆయన పెళ్ళికి నాయన పోలేదు, అమ్మను పంపలేదు. జాతరలో ఎప్పుడైనా తమ్ముడు ఎదురైతే అమ్మ పక్కకు పోయి రెండు మాటలు మాట్లాడి, కళ్ళు తుడుచుకుని వచ్చేది. ఆ కన్నీళ్ళు కూడా నావల్లనే కదా అనుకుంటూ నేను బొరుగుల పొట్లం పట్టుకుని నిలబడేదాన్ని.

ఒంటి కంటితో నాయనకు గేజి మీది సన్నగీతలు ఆనేవి కావు. బడి కాగానే నేను పోయి ముల్లు ఎక్కడుందో చదివి చెప్పేదాన్ని. పదకొండు, పన్నెండున్నర, పదకొండు. ఏళ్ళ తరబడి అదే నా పని. నా పదహారో ఏట ఒక సాయంత్రం ఇక దాచలేక "నాయనా, ఒక మాట" అన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ నా తల నిమిరాడు. "నువ్వు లేకుంటే ఈ మిషను ఎప్పుడో అమ్మేసుండేవాణ్ణి తల్లీ. నా కన్ను నువ్వే" అన్నాడు. ఆ తర్వాత ఏం చెప్పను? ఏ నోటితో చెప్పను? ఏమీ లేదు నాయనా అన్నాను. ఆయన బతికున్నన్నాళ్ళూ ఏమీ లేదు.

నాయన పోయాక కర్మలకు మామ వచ్చాడు, అన్నేళ్ళ తర్వాత మొదటిసారి మా గడప తొక్కాడు. అందరూ భోజనాలకు లేచినప్పుడు పెరట్లో ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చాను, ఎందుకు చేశావు మామా అని. ఆయన నన్ను లేపి కూర్చోబెట్టాడు.

"నువ్వు తొమ్మిదేండ్ల బిడ్డవు అమ్మణ్ణీ. దినామూ మీ నాయన కన్ను సూసుకుంటా అన్నం తినాల. నాకైతే పోయేదానికి ఊరుండాది, నీకు యాడుండాది?" అన్నాడు. తానున్నంత వరకు ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు నాకు బాగా అనుకూలంగా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మొన్నటి వైశాఖంలో మామ పోయాడు. కర్మలనాడు పాత సందులో మిగిలిన ఒకే ఒక ముసలి మేస్త్రీ కర్ర ఊతతో వచ్చి, మామ కొడుకు శేఖర్ భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ నాయన చెయ్యి బంగారమప్పా. ఆ పొద్దు కీ ఒగటి మర్చిపోకుండా ఉండింటే ఇట్ల మట్టి పిసుక్కునేవాడా?"

శేఖర్ తల వంచుకుని, "అవును పెద్దాయనా, నాయనకు మతిమరుపే" అన్నాడు. గేజి ముల్లు కదలకుండా ఇనుమును కూర్చోబెట్టిన మనిషిని కన్నకొడుకే మతిమరుపువాడన్నాడు. ఒట్టు తీరిపోయి కూడా, అంతమంది ముందు నా నోరు మళ్ళీ లేవలేదు.

చిత్తూరులో ఆ సందు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపులతో నిండిపోయింది. సుద్దముక్కతో ఇనుము మధ్య కనుక్కునే చేతులు లేవు, వాటి అవసరమూ లేదు, కంప్యూటరే కోసి పెడుతోంది. అమ్మ కూడా పోయాక, విజయదశమి పొద్దున మిషను మీంచి పూలు రాలడం చూసినవాళ్ళలో, ఆ ముసలి మేస్త్రీని తప్పిస్తే, నేనే మిగిలాను. ఈ కాగితాలు రాస్తున్నంతసేపూ ఇవి శేఖర్‌కు పోస్టులో పంపేస్తే సరిపోతుందని నాకు నేను నచ్చజెప్పుకుంటూ వచ్చాను. సరిపోదు. రేపు పొద్దున బస్సుకు సత్యవేడు పోతున్నాను. శేఖర్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీళ్ళు కూడా తాగకముందే చెప్పేస్తాను.

"మీ నాయన ఏదీ మర్చిపోలేదురా. ఆ కీ పెట్టింది నేను."