నెల్లితోపు పెద్దమ్మను పిలవడానికి వెళ్ళిన శనివారం

ముందుగా నా అక్షర దోషాలనూ, కోడి కెలికినట్టుండే చేతిరాతనూ మన్నించమని అడుగుతున్నాను. సూళ్ళూరుపేట దగ్గర మా ఊరి బడిలో ఆరో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత పెన్ను పట్టింది తక్కువ. ఈ బ్లాగు నడిపే అక్కది మా ఊరే. కాగితాల మీద రాసి పంపితే తానే టైపు చేసి పెడతానన్నది కాబట్టి ధైర్యం చేశాను. పుదుచ్చేరి అంటే అందరూ సముద్రపు ఒడ్డు గురించీ, పసుపు గోడల వీధుల గురించీ రాస్తారు. నేను అవేవీ చూడలేదు. నెల్లితోపులో ఒక ఇల్లు మాత్రమే చూశాను. ఏళ్ళ తరబడి మాటల్లేని బంధువుల ఇంటికి వెళ్ళాల్సిన పని మీకెవరికైనా ఉంటే, ఇది పనికొస్తుందేమో.

నన్ను ఏంబలం ఇచ్చి ఆరేళ్ళవుతోంది. అది పుదుచ్చేరికి దక్షిణాన వరి పండే ఊరు. మా అత్తగారి వాళ్ళు తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ చదవడం ఎవరికీ రాదు. మా పాప యామినికి నాలుగో ఏడు వచ్చింది, చెవులు కుట్టించాలని రోజు కూడా చూసుకున్నాం. అప్పుడు మామయ్య అడ్డం పడ్డాడు. వానాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది, మాట కూడా ముద్దగా వస్తుంది. "మా అక్కను పిలవకుండా బిడ్డకు చెవులు కుట్టేది లేదు. నేను పోయే ముందర ఆమెను ఒకతూరి చూడాల" అన్నాడు. ఆయనకు అక్క ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మా ఇంటి గోడ మీద మామయ్య నాయన ఫోటో ఉంటుంది, పటాలం బట్టల్లో. ఫ్రెంచివాళ్ళ కాలంలో వాళ్ళ సైన్యంలో చేరి ఓడెక్కి అనాంకు, అంటే ఇప్పటి వియత్నాంకు, యుద్ధానికి వెళ్ళాడు. ఏటా ఆయన తద్దినం నాడు ఒక కథ చెప్పుకుంటారు. అక్కడ తెల్లదొర నల్ల సిపాయిలను బల్ల దగ్గరికి రానిచ్చేవాడు కాదట. తాతకు గిన్నె వేరు, అది కూడా గది బయట, నేల మీద. ఆ మాట చెప్పేటప్పుడు మా ఆయన కళ్ళు ఎర్రబడతాయి. పుట్టింటికి పోయినప్పుడు నేను కూడా ఆ కథ గొప్పగా చెప్పాను. ఆ తాత తిరిగొచ్చేటప్పుడు అక్కడి అమ్మాయిని పెళ్ళాడి, రెండేళ్ళ ఆడబిడ్డతో సహా తీసుకొచ్చాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ బిడ్డే మామయ్య అక్క.

ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పడానికి చెయ్యి రావడం లేదు. మా ఇంట్లో బువ్వ తినని పిల్లలను అనాం బూచితో భయపెడతారు. రెండు వేళ్ళతో కళ్ళ కొసలు పక్కకు లాగి, రెండు ముక్కల పాట పాడతారు. పాపకు ఎనిమిదో నెలలో అత్తమ్మ నాకు నేర్పింది. దాన్ని మించిన మందు లేదు, పాప గబగబా మింగేసేది. ఆ బూచి ఎవరో, ఆ ముఖం ఎవరిదో నేను ఏనాడూ అడగలేదు.

పిలుపుకు ఎవరు వెళ్ళాలన్నది తేలలేదు. మా ఆయనకు కోత మిషను ఆ శనివారమే దొరికింది. అత్తమ్మను అడిగితే, "నేను పోలేను పిల్లా, ఏ మొగం పెట్టుకోని పోయేది?" అంది. చివరికి, కండక్టరును చిల్లర అడగడానికే భయపడే నన్ను పంపారు. కుంకుమ భరిణె, తాంబూలం, చీర సంచిలో పెట్టుకుని, పాపను చంకనెత్తుకుని ఏడుంబావుకు బస్సెక్కాను. విలియనూరు మీదుగా గంట ప్రయాణం, టికెట్టు ఇరవై రూపాయల లోపే. పాపకు టికెట్టు అడగలేదు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు మనసులో వల్లె వేసుకుంటూనే ఉన్నాను.

నెల్లితోపు మార్కెట్టు దగ్గర దిగి మూరెడు మల్లెపూలు, అరడజను అరటిపళ్ళు కొన్నాను. ఎదురుగా ఉన్న ఆటో అతనికి మామయ్య చెప్పిన గుర్తులు చెబితే, "సైగాన్ అమ్మ ఇల్లా? ఆదివారం పూట ఆమె చేసే చుట్టలు నేనే ఇండ్లకి ఇచ్చొస్తా" అన్నాడు. ఎంత అని అడిగాను. "నడిస్తే అయిదు నిమిషాలు, ఆటో ఎక్కితే యాభై రూపాయలు. మీ ఇష్టమమ్మా" అని నవ్వాడు. దారి మళ్ళీ ఇంకొకరిని అడగాలంటే సిగ్గేసి యాభై ఇచ్చి ఎక్కేశాను. రెండు మలుపులు తిరగ్గానే దింపేశాడు.

చిన్న మిద్దె ఇల్లు, వీధిలోకి మూడు మెట్లు. తలుపు తీసిన ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. సన్నగా, తెల్లటి జుట్టు బిగించి ముడివేసుకుని, నూలు చీరలో ఉంది. నేను పరాయి మాట ఏదో వినిపిస్తుందనుకున్నాను. ఆమె మాట అచ్చం మామయ్య మాటే.

"యాడ నించి వస్తా ఉండావు పిల్లా?"

"ఏంబలం నించి పెద్దమ్మా. మీ తమ్ముని కోడల్ని."

ఆమె తలుపు పట్టుకునే నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఓ, ఏంబలానికి బస్సు ఏసినారా? యాభై ఏండ్లుగా లేదనుకుంటి నేను" అంది.

నవ్వాలో వద్దో తెలియక తల వంచుకున్నాను. ఆమె పాప ముఖం చూద్దామని వంగింది. పాప ఆమెను చూసి ఒక్క కేక పెట్టింది. నా మెడ కరుచుకుని, మళ్ళీ తల తిప్పి, ఆమె ఎదురుగానే రెండు వేళ్ళతో కళ్ళు లాగి పాట మొదలుపెట్టింది. దాని నోరు మూయాలని చెయ్యెత్తాను, సంచి జారి కుంకుమ మెట్ల మీద ఒలికింది. మొదటి ముక్క పాడి, రెండోది మరిచిపోయి పాప ఆగింది. ఆ రెండో ముక్కను పెద్దమ్మ అందించింది.

"ఇంగా పాడతా ఉండారా దీన్ని?" అని అడిగింది. మీ ఊళ్ళో వానలు పడ్డాయా అని అడిగినంత మామూలుగా అడిగింది. "లోపలికి రా. కుంకం నేను ఎత్తుతాలే, బిడ్డను పట్టుకో."

ఆ మెట్ల మీదే నేను మాయమైపోతే బాగుండు అనిపించింది. లోపల బెంచీ అంచున కూర్చున్నాను. "నేనే నేర్పినాను పెద్దమ్మా. అది ఎవురి గురించో నాకు తెలీదు" అన్నాను.

"నాకు కూడా తెలీలేదు" అంది ఆమె.

తర్వాత ఆమె చెప్పినది నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను. ఓడ దిగి ఊరికొచ్చిన రోజున వాళ్ళ నాయనమ్మ, బిడ్డ మన రక్తం అని బిడ్డను మాత్రం ఇంట్లోకి తీసుకుంది. తల్లిని గడప తొక్కనివ్వలేదు. ఆమె కొన్నాళ్ళు గొడ్ల చావిట్లో ఉంది. తర్వాత భర్త ఆమెను పట్నంలో ఒక అద్దె గదిలో పెట్టాడు. బిడ్డ అమ్మ కోసం ఏడ్చి బువ్వ తినకపోతే, ఆ నాయనమ్మే ఈ పాట కట్టింది.

"నన్ను ఆ పాటతోనే సాకినారు. నాకు తెలిసిన బూచి మా అమ్మే అని నాకెట్ల తెలుస్తాది? ఒక ఆదివారం అమ్మ నన్ను చూడను వచ్చింది. వాకిట్లో నిలబడి లాన్, లాన్ అని పిలిచింది. అది నా పేరు. నేను నాయనమ్మ చీర పట్టుకోని, ఇదో, నీ బిడ్డ చేసినట్లే చేస్తి. అమ్మ తెచ్చిన మిఠాయి అరుగు మీద పెట్టి ఎనక్కి తిరిగి పోయింది."

ఆమె చీర కొంగుతో బెంచీ మీద లేని దుమ్ము తుడిచింది. "నీకు సిగ్గుగా ఉండాదా? నాకు డెబ్బై ఏండ్లుగా ఉండాది."

వాళ్ళ నాయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక బిడ్డను తల్లి దగ్గరికి పంపేశారు. మొదట్లో తల్లి ముఖం చూస్తే అన్నం ముట్టేది కాదట. ఆరు నెలల పాటు ఆ తల్లి బిడ్డ వెనక కూర్చుని, ముఖం కనబడకుండా, చెయ్యి మాత్రం ముందుకు చాపి ముద్దలు పెట్టిందట. "నాయన అప్పుడప్పుడు వచ్చి, ఆ తెల్లోడి గిన్నె కత చెప్తా ఉండె. మా అమ్మ ఒక పక్కన కూర్చోని వింటా ఉండె. అమ్మ ఊరిని కూడా పటాలమే కాల్చింది. కాల్చినోళ్ళలో నాయన ఉండినాడా లేదా అని అమ్మ ఒక్కనాడూ అడగలా. నేను కూడా అడగలా."

పన్నెండయ్యేసరికి ఆమె వంట చేసింది. అప్పడంలా పలచటి పిండి రేకులో సేమియా, రొయ్యలు పెట్టి చుట్టి నూనెలో వేయించింది. ఆటో అతను చెప్పిన చుట్టలు అవే. పుదుచ్చేరిలో వాటిని నేమ్ అంటారు. పాపకు చారన్నం కలిపి ముద్ద అందించబోయింది. పాప పెదాలు బిగబట్టి కళ్ళు మూసుకుంది. రెండుసార్లు చూసి, గిన్నె నా చేతికిచ్చి, "నువ్వే పెట్టు పిల్లా. నేను వంటింట్లో ఉంటాలే, నన్ను చూస్తే తినదు" అని వెళ్ళిపోయింది. తన ఇంట్లోనే తాను దాక్కుంది. నేను ముద్ద పెట్టాను, పాప తింది. ఆ అన్నం అయిపోయేదాకా నేను తల ఎత్తలేదు.

బయలుదేరే ముందు కుంకుమ పెట్టి, చీర చేతికిచ్చి పిలిచాను. మామయ్య పరిస్థితి చెప్పాను. ఆమె చీరను కళ్ళకద్దుకుంది. "పిలిచినావు, తీసుకుంటి. అయితే ఆ దినం రాను. చెవి కుట్టేటప్పుడు బిడ్డ ఎట్లాగూ ఏడుస్తాది. ఆ ఏడుపు నన్ను చూసి కాకూడదు. నా చేతి బువ్వ తిన్నెప్పుడు వస్తానని నా తమ్మునికి చెప్పు."

మూడు గంటల బస్సుకు తిరిగొచ్చాను. మామయ్య వాకిట్లోనే మంచం వేయించుకుని కూర్చుని ఉన్నాడు. "అక్క వస్తానన్నాదా?" అని అడిగాడు. ఏదైనా అబద్ధం చెప్పి తప్పించుకోవాలనే అనిపించింది. కానీ జరిగినదంతా చెప్పేశాను. "చిన్నబిడ్డ తెలీక పాడితే దానికి ఇంతా?" అని అత్తమ్మ అంది. "పాడింది పాప, నేర్పింది నేను" అన్నాను. ఆ ఇంట్లో నేను ఎదురు మాట్లాడింది అదే మొదటిసారి. అత్తమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. మామయ్య, "నేను ఆ పాటకి బాగా తింటా ఉంటినంట" అన్నాడు. తర్వాత, చెవులు కుట్టేవాడిని ఇప్పుడు రావద్దని చెప్పమన్నాడు.

అప్పటినుంచి అయిదు శనివారాలు నేనూ పాపా నెల్లితోపుకు వెళ్ళాం. మూడోసారి మా ఆయన ఆటో మాట్లాడి మామయ్యను కూడా తీసుకొచ్చాడు. ఆయన ఆ మూడు మెట్లూ ఎక్కలేకపోయాడు. పెద్దమ్మే దిగి వచ్చి ఆటోలో ఆయన పక్కన కూర్చుంది. "ఏంరా, ఇప్పుడా దారి తెలిసింది?" అంది. ఆయన పనిచేసే చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పాప ముందు సీటులోంచి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఇప్పుడు అది ఆమెను చూసి కేక పెట్టడం లేదు. ఆమె చేతి ముద్ద మాత్రం ఇంకా ముట్టలేదు.

తాతకు జరిగిన అవమానం మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఆయన భార్యకు మేం చేసిన అవమానం కూడా అంతే బాగా వచ్చు, కాకపోతే దాన్ని పిల్లలకు బువ్వ పెట్టే పాటగా పెట్టుకున్నాం. మొదటిది నేర్చుకుని గర్వపడ్డాను, రెండోది నేర్చుకుని నా బిడ్డకు నేర్పాను. ఎవరి బొమ్మ గీసి ఎవరిని భయపెడుతున్నామో అడగడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఆరో తరగతి కూడా అక్కర్లేదు. అయినా అడగలేదు. పోయిన సోమవారం వాకిలి ఊడుస్తుంటే లోపలినుంచి పాట వినిపించింది. పాప తన బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, దాని కళ్ళు లాగుతూ అన్నం తినిపిస్తోంది. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎలా ఆపాలో నాకు తెలియలేదు.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. పొద్దున ఏడుంబావు బస్సుకే వెళ్ళండి, నెల్లితోపు మార్కెట్టు దగ్గర దిగి నడవండి, ఆటో అవసరం లేదు. పిల్లలను తీసుకెళ్ళేటట్లయితే, మీ ఇంట్లో ఆ బంధువుల గురించి పిల్లల ముందు ఏమేం మాట్లాడారో ముందురోజే గుర్తు చేసుకోండి. నేను ఆ పని చేయలేదు.

బ్లాగు అక్కా, ఇది మీకు. నాలుగో కాగితం మీద ఆ పాట మొత్తం రాసేసి, తర్వాత కొట్టేశాను. కొట్టివేతల కిందినుంచి అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. అది టైపు చేయకండి, పైకి చదవకండి, మీ ఇంట్లో పిల్లలున్నారు. మిగతా కాగితాలు ఉంచుకున్నా పరవాలేదు. ఆ ఒక్కటి మాత్రం పొయ్యిలో పెట్టేయండి.